కాన్సరు కణపు ఆకలి

శత్రువు కోట బయట నున్నప్పుడు వానిని గుర్తించుట సులభము. ఇంటిలోనివాడే శత్రువైనచో ఏమి చేయవలెను? కాన్సరు చికిత్సా చరిత్రమంతయు ఈ యొక్క ప్రశ్న చుట్టును తిరిగినది. మన పెద్దలు రాచపుండనియు, పుట్టకురుపనియు పిలిచిన ఈ వ్యాధికి శస్త్రచికిత్స కలదనియు, కిరణచికిత్స కలదనియు శ్రోతలు వినియేయుందురు. నేటి ప్రసంగమున మేము చెప్పదలచినది మూడవ మార్గమును గూర్చి. కాన్సరు కణపు లోపలి రసాయన వ్యవహారమున ఎక్కడ హెచ్చుతగ్గులున్నవో కనిపెట్టి, ఆ హెచ్చుతగ్గులనే ఆధారముగ జేసికొని మందులను కల్పించినవారి చరిత్ర యిది. ఈ చరిత్రలో భీమవరమున జన్మించిన ఒక తెలుగువాని పాత్ర చిన్నది కాదు.

జర్మనీ దేశమున పాల్ ఎర్లిక్ 1910లో సవాయి రోగమునకు సాల్వర్సాన్ అను మందును లోకమున కిచ్చెను. రోగక్రిమి వేరు, మనిషి వేరు. కనుక క్రిమిని చంపి మనిషిని విడిచిపెట్టు విషమును వెదకిపట్టుట సాధ్యమే యని ఆయన విశ్వాసము. ఆ విశ్వాసము క్రిముల విషయమున ఫలించినది. కాని కాన్సరు కణము క్రిమి కాదు. అది మన కణమే. మన రక్తముననే పెరుగును, మనము తిన్న అన్నమునే తినును. 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున, యుద్ధములో వాడు విషవాయువుకు దగ్గరి చుట్టమగు నైట్రోజన్ మస్టర్డ్ అను ద్రవ్యమును రోగికిచ్చి చూచిరి. గడ్డలు కరగినవి, కాని దానితోపాటు ఎముకలలోని మూలుగయు దెబ్బతిన్నది. కొలదికాలమునకే గడ్డలు తిరిగి వచ్చినవి. అది విచక్షణ లేని దెబ్బ. దెబ్బకు విచక్షణ కావలెనన్నచో, మంచి కణమునకును చెడ్డ కణమునకును గల భేదమేమో మొదట తెలియవలెను.

ఆ భేదమును కొలిచి చూడబూనిన మొదటివారిలో బెర్లిన్ నగరమున పనిచేసిన ఆటో వార్‌బర్గ్ ముఖ్యుడు. 1920 తరువాతి సంవత్సరములలో ఆయన గడ్డలనుండి పలుచని పొరలను కోసి, గాజుపాత్రలలో నుంచి, అవి ఎంత ప్రాణవాయువును పీల్చుచున్నవో, ఎంత గ్లూకోజును వాడుచున్నవో, ఎంత లాక్టిక్ ఆమ్లమును విడుచుచున్నవో లెక్కకట్టెను. మామూలు కణము ప్రాణవాయువు అందుచున్నంతవరకు గ్లూకోజును చాలవరకు పూర్తిగ దహించి శక్తిని పొందును. గాలి చాలనప్పుడు మాత్రమే, పరుగెత్తువాని కండలలోవలె, దానిని నడుమ విడిచి లాక్టిక్ ఆమ్లముగ మార్చును. కాన్సరు కణ మట్లు కాదు. గాలి సమృద్ధిగ నున్నను అది గ్లూకోజును లాక్టిక్ ఆమ్లముగనే మార్చుచుండెను. పొయ్యినిండ కట్టెలు కుక్కి, అవి సగము కాలకముందే బయట పారవేయు వంటవాని వ్యవహారము వంటి దది.

శ్వాసకు సంబంధించిన ఎన్‌జైమును గూర్చిన పరిశోధనకు వార్‌బర్గ్‌నకు 1931లో నోబెల్ బహుమానము లభించెను. కణపు శ్వాస చెడుటయే కాన్సరునకు మూలకారణమని ఆయన తుదివరకు వాదించెను. ఆ వాదము యథాతథముగ నిలువలేదు. అనేకములగు గడ్డలలో శ్వాసయంత్రము బాగుగనే యున్నదనియు, సగము కాలిన చక్కెరనుండి ఆ కణములు క్రొత్త కణములను కట్టుకొనుటకు కావలసిన సామగ్రిని సమకూర్చుకొనుచున్నవనియు పిమ్మటివారు చూపిరి. అయినను ఆయన నేర్పిన పాఠము మిగిలినది. కణమును దాని రూపమును బట్టియే కాక, దాని జమాఖర్చులను బట్టియు గుర్తింపవచ్చును.

తరువాతి అధ్యాయము మన దేశముననే ప్రారంభమైనది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, గర్భిణులగు బీద స్త్రీలకు కలుగు తీవ్రమైన రక్తహీనతను పరిశీలింపసాగెను. వారిలో మిల్లు కూలివారే హెచ్చు. ఈస్టునుండి తీసిన సారమును తినిపించినచో వారి రక్తము తిరిగి పుష్టినొందుచున్నదని ఆమె 1931లో ప్రకటించెను. ఆ సారములో నున్న గుణకరద్రవ్యమేమో అప్పటికి ఎవరికిని తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టిదే యగు ఒక పదార్థమును అతి స్వల్ప పరిమాణమున వేరుచేసి, ఆకు అను అర్థమిచ్చు లాటిన్ పదమునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. నేడు గర్భిణులకు వైద్యులిచ్చు మాత్రలో నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

కణము రెండుగ చీలవలెనన్నచో తన వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ.ను మరియొక ప్రతి వ్రాసికొనవలెను. ఆ ప్రతికి కావలసిన అక్షరములు తయారగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. ఎముకల మూలుగలో క్షణక్షణమును క్రొత్త రక్తకణములు పుట్టుచుండును గావున, ఫోలిక్ ఆమ్లము తగ్గినచో మొట్టమొదట రక్తమే క్షీణించును. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ చరిత్రయంతయు దీనిపై నిలిచియున్నది.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదివిరి. గాంధీజీ పిలుపు నందుకొని ఖద్దరు ధరించుటచే శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. స్ప్రూ అను జబ్బు వారి సోదరుని బలిగొన్నది. తిన్న ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి మనిషి కృశించు రోగ మది. తరువాత వారు అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున జీవరసాయనశాస్త్రమున పాటుపడిరి. ఫిస్క్ అను ఆచార్యునితో కలసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో కనుగొన్నవారిలో వీరొకరు. 1940లో న్యూయార్క్ రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊర నున్న లెడర్లీ ప్రయోగశాలకు మారి పరిశోధనలకు సారథ్యము వహించిరి.

వారి సారథ్యమున అచటి రసాయనజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయగలిగిరి. టన్నులకొలది ఆకుకూరతో పనిలేకపోయెను. ఉష్ణదేశముల స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లము మంచి మందని త్వరలోనే తేలినది. సోదరుని బలిగొన్న జబ్బుకు మందు తమ ప్రయోగశాలనుండియే వెలువడుట సుబ్బారావుగారు కన్నులార చూచిరి. కాని ఫోలిక్ ఆమ్లపు కథ అంతతో ముగియలేదు.

బోస్టన్ నగరపు పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడుండెను. రోగముచే మరణించినవారి శరీరములను పరీక్షించి కారణము నిర్ణయించుట ఆయన వృత్తి. ల్యుకీమియా యను రక్తపు కాన్సరుతో వచ్చిన పిల్లలు కొన్ని వారములలో, లేదా కొన్ని నెలలలో మరణించుచుండిరి. వైద్యులు చేయగలిగినది రక్త మెక్కించుట, నొప్పి తగ్గించుట, తల్లిదండ్రులను ఓదార్చుట మాత్రమే. ఫోలిక్ ఆమ్లము రక్తమును బాగుచేయును గదా యని ఫార్బర్ 1947లో లెడర్లీనుండి అట్టి పదార్థములను తెప్పించి కాన్సరు రోగుల కిచ్చి చూచెను. ల్యుకీమియా పిల్లలలో ఫలితము విపరీతమైనది. రోగము తగ్గుటకు బదులు ముదిరినట్లు కన్పించెను.

అట్టి ఫలితమును చూచి మరియొకరు ఆ దారినే విడిచిపెట్టియుందురు. ఫార్బర్ దానిలోనే దారిని చూచెను. ఫోలిక్ ఆమ్లము ఈ కణములకు ఇంతగ ఆహారమగుచున్నదన్నచో, అది అందకుండ చేసినచో ఏమగును? సుబ్బారావుగారి బృందము అప్పటికే ఫోలిక్ ఆమ్లమును కొంచెము కొంచెము మార్చి దానికి విరోధులగు పదార్థములను తయారుచేయుచుండెను. వానిలో అమినాప్టెరిన్ అనునది బలవత్తరమైనది. ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒకచోట నుండవలసిన ఆమ్లజని ఉదజనుల జంటను తీసి, అచట నత్రజని గల అమినో గుంపును పెట్టినచో అమినాప్టెరిన్ అగును. మార్పు అంతమాత్రమే. ఆ చిన్న మార్పుచే అది చెల్లని నాణెమైనది. చూచుటకు అసలు నాణెమువలెనే యుండును. కణములోని ఎన్‌జైము దానిని ఆశతో అందుకొని గట్టిగ పట్టుకొనును. కాని దానితో ఏ వస్తువును కొనజాలదు, దానిని విడువనుజాలదు. అంగడి మూతపడును.

1947 డిసెంబరునుండి ఫార్బర్ ఈ మందును పిల్లల కీయసాగెను. ఆయనయు, ఆయన తోడివారును 1948 జూన్‌లో ప్రకటించిన వ్యాసమున 16 మంది పిల్లల వృత్తాంతము కలదు. వారిలో 10 మందికి గుణము కన్పించెను. ఉబ్బిన ప్లీహములు తగ్గినవి, రక్తములోని చెడ్డ కణములు తగ్గినవి, మంచమునుండి లేవలేని పిల్లలు లేచి తిరిగిరి. వ్యాసపు శీర్షికలోనే ఇది తాత్కాలికమైన గుణమని వ్రాసిరి. అది నిజాయితీ గల మాట. కొన్ని నెలలకు రోగము తిరిగి వచ్చెను. అయినను, ల్యుకీమియా వెనుకకు తగ్గుట వైద్యలోకమున అదివరకు ఎన్నడును ఇంత స్పష్టముగ కన్పించియుండలేదు. ఆ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో సుబ్బారావుగారు 53వ యేట మరణించిరి. తమ ప్రయోగశాలలో పుట్టిన మందు ఎంతదూరము పోవునో చూచు భాగ్యము వారికి లేకపోయెను.

అది చాల దూరము పోయినది. అమినాప్టెరిన్‌నకు మరి కొంచెము మార్పు చేయగా మెథోట్రెక్సేట్ అను మందైనది. గర్భిణి మావి కణములనుండి పుట్టు ఒక దారుణమైన కాన్సరు కలదు. అది యువతులగు తల్లులను కొలదికాలములోనే బలిగొనుచుండెడిది. బెథెస్డాలోని జాతీయ కాన్సరు సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు మెథోట్రెక్సేటుతో ఆ కాన్సరును కరగించి, ఆ సంగతి 1956లో వెల్లడించిరి. అచట మరియొక విశేషము జరిగెను. కంటికి గడ్డ కనపడకపోయినను, ఆ కణములు విడుచు హార్మోను రోగి శరీరమున నింకను మిగిలియున్నంతకాలము మందును ఆపరాదని లీ పట్టుపట్టెను. రోగము పోయినట్లున్నను విషము నిచ్చుచున్నాడని పెద్దలు ఆయనను ఆ సంస్థనుండి తొలగించిరి. కాలము ఆయన పక్షముననే తీర్పు చెప్పినది. హార్మోను పూర్తిగ మాయమగువరకు మందు పుచ్చుకొన్నవారికి రోగము తిరిగి రాలేదు. 1972లో లీ, హెర్ట్జ్ ఇరువురును లాస్కర్ బహుమానము నందుకొన్నవారిలో నుండిరి. కన్నుకంటె రసాయనలెక్కయే నిజము చెప్పునని ఆ తల్లుల ప్రాణములు సాక్ష్య మిచ్చినవి.

ఫార్బర్‌నకు దారి చూపినది ఒక ఎదురుదెబ్బ. ఇక లెక్కప్రకారము మందును కల్పించిన కథ యొకటి. 1954లో కొందరు శాస్త్రజ్ఞులు ఎలుకల కాలేయమును పరీక్షించి ఒక భేదమును కనుగొనిరి. మామూలు కాలేయముకంటె కాలేయపు కాన్సరుగడ్డ యురసిల్ అను పదార్థమును హెచ్చుగ వాడుకొనుచుండెను. యురసిల్ కూడ కణపు ప్రతిలేఖనమున పనికివచ్చు అక్షరములలో నొకటి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చార్లెస్ హైడెల్‌బర్గర్ ఈ వార్తను చదివి యోచించెను. గడ్డ దేనికై ఆత్రపడుచున్నదో దానిలోనే చెల్లనిదానిని కలిపి యిచ్చినచో? యురసిల్ అణువున అయిదవ స్థానములోని ఉదజనిని తీసి ఫ్లోరిన్‌ను పెట్టవలెనని ఆయన నిశ్చయించెను. ఫ్లోరిన్ పరిమాణమున ఉదజనికి దగ్గరగ నుండును గావున కణము మోసపోవును; కాని దాని పట్టు గట్టిది గావున తరువాతి పని సాగదు. రసాయనజ్ఞుల సాయముతో తయారైన ఆ మందు ఫ్లోరోయురసిల్. 1957లో దాని వార్త వెలువడెను. నేటికిని ప్రేవుల కాన్సరు మొదలగువానికి దానిని వాడుచున్నారు.

ఇంతవరకు చెప్పినవి కణపు ఆశను పట్టుకొన్న మందులు. కణపు లేమిని పట్టుకొన్న మందు యొకటి కలదు. 1953లో న్యూయార్క్ నగరమున జాన్ కిడ్ అను శాస్త్రజ్ఞుడు చుంచెలుకలలోని కొన్ని రక్తసంబంధమైన గడ్డలకు గినీ పందుల రక్తపు సీరము నిచ్చి చూడగా అవి కరగిపోయినవి. గుఱ్ఱపు సీరమునకును, కుందేటి సీరమునకును ఆ గుణము లేదు. గినీ పందిలోనే యున్న ఆ మహిమ ఏమి? ఆ సీరమున ఆస్పరజినేజ్ అను ఎన్‌జైము కలదని 1922లోనే యొకరు కనుగొనియుండిరి. ఎవరును దానిని పట్టించుకొనలేదు. ఆస్పరజీన్ అను అమినో ఆమ్లమును విరుగగొట్టుట దాని పని. మన శతావరికి దాయాదియగు ఆస్పరాగస్ మొక్కనుండి 1806లో వేరుచేయబడిన పదార్థమే ఈ ఆస్పరజీన్. గడ్డలను కరగించునది ఆ ఎన్‌జైమేనని జాన్ బ్రూమ్ 1961లో నిరూపించెను.

మన కణములలో పెక్కు తమకు కావలసిన ఆస్పరజీనును తామే చేసికొనును. కొన్ని ల్యుకీమియా కణము లట్లు చేసికొనజాలవు; అవి రక్తమునుండి ఎరువు తెచ్చుకొని బ్రతుకును. రక్తములోని ఆస్పరజీనును విరుగగొట్టినచో ఇంట వండుకొనువారికి చింత లేదు. పొరుగింటిపై ఆధారపడినవారు పస్తుండవలెను. గినీ పందులనుండి చాలినంత మందు దొరకుట దుర్లభము. మన ప్రేవులలో నివసించు ఒక బాక్టీరియా చేయు ఆస్పరజినేజ్ కూడ ఈ పనికి వచ్చునని 1964లో తేలగా ఆ చిక్కు తీరినది. పిల్లల ల్యుకీమియా చికిత్సలో అది నేటికిని ముఖ్యమైన ఆయుధము.

ఈ కథలను వినినవారికి ఒక సందేహము కలుగవలెను. చెల్లని నాణెము కాన్సరు కణమునే ఏల మోసగించును? మంచి కణమును మోసగింపదా? మోసగించును. భేదము జాతిలో లేదు, మోతాదులో నున్నది. ఎడతెగక చీలు కణము హెచ్చుగ మోసపోవును. నిదానముగ నుండు కణము తక్కువగ మోసపోవును. కాని మన శరీరమున వెంట్రుకల కుదుళ్ళు, నోటిపొర, ప్రేవుల లోపలిపొర, మూలుగ ఎడతెగక చీలుచుండునవే. చికిత్స పొందువారికి వెంట్రుకలు రాలుట, నోరు పూయుట, రక్తము తగ్గుట అందుచేతనే. ఇది మందు తప్పు కాదు. రోగము మన కణములలోనే పుట్టినందులకు మనము చెల్లించు మూల్యము.

రెండవ చిక్కు మరింత కష్టమైనది. కణము నేర్చుకొనును. మెథోట్రెక్సేట్ ఒక ఎన్‌జైమును పట్టుకొన్నచో, ఆ ఎన్‌జైమును చేయు జన్యువునే అనేక ప్రతులుగ పెంచుకొను కణములున్నవని రాబర్ట్ షిమ్కే బృందము 1978లో చూపెను. ఒక తలుపు మూసినచో పది తలుపులు తెరచుకొనునన్నమాట. దీనికి విరుగుడు అంతకుముందే, 1960 తరువాతి సంవత్సరములలో, వైద్యులు అనుభవమున కనుగొనియుండిరి. ఒక మందునుండి తప్పించుకొనగల కణము నాలుగింటినుండి ఒకేసారి తప్పించుకొనుట కష్టము. మెథోట్రెక్సేటుతోపాటు గెర్ట్రూడ్ ఎలియాన్, జార్జి హిచింగ్స్ 1951లో తయారుచేసిన మెర్కాప్టోప్యురిన్ మొదలగువానిని కలిపి యిచ్చిరి. ఫార్బర్ కాలమున కొన్ని నెలలు మాత్రమే వెనుకకు తగ్గిన రోగము, క్రమముగ సంవత్సరములు తగ్గి, పెక్కుమందిలో తిరిగి రాకయే పోయినది. నేడు సంపన్నదేశములలో పిల్లలకు సాధారణముగ వచ్చు ల్యుకీమియాలో పదిమందికి సుమారు తొమ్మిదిమంది బ్రతుకుచున్నారు.

ఈ మార్గము ఇంకను ముగియలేదు. కొన్ని ల్యుకీమియాలలో ఒక ఎన్‌జైము చెడిపోయి, మామూలు కణమున లేశమాత్రముగ నుండు ఒక పదార్థమును కుప్పలుగ పోయుచున్నదని 2009 ప్రాంతమున తెలిసినది. ఆ కుప్పలో చిక్కుకొన్న రక్తకణము ఎదగక, ఎల్లప్పుడును పసికణముగనే నిలిచిపోవును. ఆ చెడిన ఎన్‌జైమును అడ్డగించు ఎనాసిడెనిబ్ అను మందును అమెరికాలో 2017లో ఆమోదించిరి. ఇది కణమును పస్తుపెట్టునది కాదు. దాని ఇంటిలోని చెత్తను ఆపి, దానిని పెద్దదానిని చేయు మందు.

వార్‌బర్గ్ కనిపెట్టిన చక్కెర ఆశయు వృథా పోలేదు. 1976 నుండి శాస్త్రజ్ఞులు గ్లూకోజు వంటి ఒక పదార్థమునకు కిరణములు వెలువరించు ఫ్లోరిన్‌ను చేర్చి, దానిని మనుష్యుల శరీరమునకెక్కించి, అది ఎచట పోగగుచున్నదో చిత్రించుట నేర్చిరి. నేడు పెట్ స్కాన్ అనుచున్నది అదే. హెచ్చుగ తిను కణము తన యునికిని తానే బయటపెట్టుకొనును.

అయితే ఈ సంగతినుండియే ఒక అపాయకరమైన మాట కూడ వ్యాపించినది. చక్కెర మానినచో కాన్సరు కణము పస్తుండి చచ్చునని, మందులతో పనిలేదని చెప్పువారున్నారు. శ్రోతలు దీనిని నమ్మరాదు. నోట చక్కెర వేసికొనకపోయినను, మెదడును ఎఱ్ఱ రక్తకణములను నిలుపుటకై మన కాలేయము రక్తమున గ్లూకోజును ఒక మట్టమున నుంచుచునేయుండును. ఆ గ్లూకోజు గడ్డకును అందును. రోగి కృశించును గాని గడ్డ కృశింపదు. ఇక్కడ చెప్పిన మందు లేవియు కణమును గ్రుడ్డిగ పస్తుపెట్టలేదు. ప్రతి మందును ఒక ప్రత్యేకమైన ఎన్‌జైమును గాని, ఒక ప్రత్యేకమైన పదార్థమును గాని ఎంచి పట్టుకొన్నది. ఆ ఎంపికయే వైద్యము. ఎంపిక లేని ఉపవాసము బలహీనుని మరింత బలహీనుని చేయుట మాత్రమే. అట్టి మాటలు విని చికిత్సకు ఆలస్యము చేసినచో ఆ ఆలస్యమునకు మందు లేదు.

మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యురిన్, ఫ్లోరోయురసిల్, ఆస్పరజినేజ్ నేడు ప్రపంచారోగ్యసంస్థవారి అత్యవసర ఔషధముల పట్టికలో నున్నవి. అవి క్రొత్తవి కావు, రహస్యములు కావు. అయినను బీదదేశములలో పిల్లల ల్యుకీమియా సంపన్నదేశములలోవలె నయమగుట లేదు. ఆలస్యముగ గుర్తించుట, మందు వేళకు దొరకకపోవుట, గుణము కన్పించినంతనే చికిత్సను నడుమ మానుకొనుట అందులకు ముఖ్యకారణములు. ఈ మూడవదానిని ఇంటిలోనివారే నివారింపగలరు. గడ్డ కనపడకపోయినను లెక్క తేలువరకు మందు నాపరాదని లీ చెప్పిన మాట, ఆయన తన ఉద్యోగమును పోగొట్టుకొని నిలబెట్టిన మాట. బొంబాయి మిల్లు కూలి స్త్రీల రక్తహీనతతో మొదలై, భీమవరపు సుబ్బారావుగారి ప్రయోగశాలమీదుగ బోస్టన్ పిల్లల మంచముల చెంతకు చేరిన ఈ విద్య, మన ఇండ్లలోని పిల్లలకును సంపూర్ణముగ అందవలెను. జబ్బుపడిన బిడ్డ లేచి ఆడుకొనుచున్నదని సంతోషింపుడు. కాని వైద్యుడు చాలునని చెప్పువరకు మందు మానిపింపకుడు.